నీలి నీళ్ళ సీసా

కణంలో డీఎన్ఏ దెబ్బతింటే ఎలా బాగవుతుందో, బాగవకపోతే క్యాన్సర్ ఎలా మొదలవుతుందో పదహారేళ్ళుగా పరిశోధిస్తున్నాను. నిరుడు ఫిల్మ్‌నగర్‌లో వేసిన ల్యాబ్ సెట్టులో తప్పులుంటే చెప్పమని ఒక సినిమావాళ్ళు పిలిచారు. సీసాల నిండా నీలిరంగు నీళ్ళు. నాకు సరదాగానే ఉంది.

మధ్యాహ్నం భోజనాలప్పుడు లైట్‌మన్ యాదగిరి తన భార్య రిపోర్టులున్న ఫైలు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. ఆమెకు క్యాన్సర్.

"గీడ అన్నీ ఉత్తయే మేడం. మీరొక్కరే అసలు సైంటిస్టు. మందు ఎప్పుడొస్తది?"

సెమినార్లలో చెప్పి చెప్పి అలవాటైన నోటితో, ధైర్యం చెబుతున్నాననే అనుకుని, "మా పని బాగా సాగుతోంది. పదేళ్ళలో రావచ్చు" అన్నాను.

"డాక్టరు మూడు నెలలన్నడు మేడం" అన్నాడు.

ఆయన ఫైలు చంకలో పెట్టుకుని లైటు దగ్గరికి వెళ్ళిపోయాడు. భోజనాలయ్యాక ఆ వెలుగులోనే హీరో నీలి సీసా పైకెత్తి, "క్యాన్సర్‌కి మందు దొరికింది" అన్నాడు. దర్శకుడు నావైపు తిరిగి, "అంతా కరెక్టేనా మేడం?" అని అడిగాడు. తలూపాను.

ఆ మూడు నెలలు అయిపోయి చాన్నాళ్ళయింది. మా పని ఇంకా బాగానే సాగుతోంది.