మేనత్త అని రాయించిన రజని

"గీ పిల్లకు నువ్వేమైతవ్?"

జగిత్యాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ గుమాస్తా రజనిని అడిగిన ప్రశ్న ఇది. ఫారంలో ఫీజు కట్టేవారి పేరు పక్కన 'సంబంధం' అని ఒక గడి ఉంది. ఏమీ కానని రజని చెప్పింది.

"ఏం గాకుంటే పైసలెందుకు కడుతున్నవ్?"

వెనక వరుస పెరుగుతోంది. కోరుట్ల బస్సుకు టైమవుతోంది. "మేనత్తను. రాసుకో సారూ," అంది రజని.

రజనిది కోరుట్లలో కుట్టుపని. సిరిసిల్ల నుంచి తాన్లకొద్దీ గుడ్డ తెచ్చి, రోజుకు పాతిక ముప్పై లంగాలు కుట్టి, జగిత్యాల దుకాణాలకు వేస్తుంది. భర్త పదకొండేళ్లుగా దుబాయిలో ఉన్నాడు. కొడుకు అభినవ్ కరీంనగర్‌లో డిగ్రీ చదువుతున్నాడు. పేదపిల్లలను ఉద్ధరించడం గురించి ఆమెకు అభిప్రాయాలేమీ లేవు. అవి ఉన్నవాళ్లు సాధారణంగా ఫీజు కట్టరు.

ఫీజు కట్టింది రచనకు. సిరిసిల్లలో మరమగ్గాల కార్మికుల వాడ పిల్ల. తండ్రి పోశం షెడ్డులో మగ్గాలు నడుపుతాడు, సెలవుల్లో ఆమె అక్కడే నూలు కండెలు చుట్టేది. పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో ఒకరోజు, రజని గుడ్డకు డబ్బు లెక్కపెడుతుంటే, షెడ్డు యజమాని ముందే రచన అంది: "అత్తా, గా తాన్ల రెండు మీటర్లు తక్కువున్నయ్. కొలిపిచ్చుకో."

కొలిస్తే నిజమే. యజమాని పోశంను తిట్టాడు. పోశం కూతుర్ని తిట్టాడు. రజని మాత్రం, ఈ పిల్లను ముందు ముందు ఏం చదివిస్తావని అడిగింది.

"ఏం సదువక్కా? కండెలు సుట్టుడే."

మార్కులు వచ్చాక రజని మళ్లీ వెళ్లింది. హాస్టల్‌తో కలిపి ఏడాదికి ముప్పై ఆరు వేలు తాను కడతానంది. పోశం అవుననలేదు, కాదనలేదు. కూతురు 'మేనత్త' అని రాసిన ఫారం జిరాక్స్ తెచ్చి చూపించాక మాత్రం అతని ముఖం విప్పారింది. దాన్ని జేబులో పెట్టుకుని షెడ్డంతా తిరిగాడు. మన దగ్గర మేనత్త అంటే ఫీజు కట్టే మనిషి కాదు, పెళ్లికొడుకు తల్లి. ఇద్దరిదీ ఒకే కులం కావడంతో వాడలో ఎవరికీ అనుమానం రాలేదు.

ఇదేమీ తెలియని రజని మొదటి ఏడాది మూడు కిస్తీలూ కట్టేసింది. మే నెలలో పోశం మామిడిపండ్లు పట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని కోరుట్ల వచ్చాడు.

"అక్కా, ఇగ సాలు. పిల్లను నీ తాననే ఉంచుకో, మిషిన్ నేర్పు. ఎట్లైనా మీ ఇంటికి అచ్చేదే గద. జగిత్యాలల పైసలు పోసుడెందుకు?"

"మా ఇంటికెందుకస్తది?"

"మేనత్తనని నువ్వే రాయిస్తివి. అభినవ్ ఎప్పుడస్తడని వాడంత అడుగుతున్నరు."

రజనికి నవ్వొచ్చింది. నవ్వకుండా ఉండాల్సింది. గుమాస్తా విసిగిస్తే నోటికొచ్చింది చెప్పానని ఆమె వివరించేసరికి పోశం లేచి నిలబడ్డాడు.

"అంటే మాకు దానం జేసినవా? మేం అడుక్కతినేటోళ్లమా అక్కా? రేపే పోయి హాస్టల్ల దీని పెట్టె తెచ్చుకుంట."

"బాపూ," అంది రచన. "నాకు అభినవ్ అద్దు. సెకండియర్ గావాలె."

"నువ్వు నోరు మూస్కో."

"తాన్ల గుడ్డ తక్కువుంటే జెప్పిన, అప్పుడు గూడ గిదే అన్నవ్."

పోశం తలుపు దాకా వెళ్లాడు. పరువు కోసం పిల్లను మళ్లీ కండెల దగ్గర కూర్చోబెట్టగలడని రజనికి అర్థమైంది. తన మంచితనం గురించి ఒక్క మాట చెప్పినా అతను వెళ్లిపోతాడనీ తెలుసు.

"దానమని నేనన్ననా? బాకీ అనుకో," అంది.

పోశం ఆగాడు. "మిత్తెంత?"

"తమ్ముని తాన మిత్తి దీసుకుంటరా?"

"తమ్ముడనకు. గా వరసతోనే గింత దూరమచ్చింది."

వడ్డీ లేకుండా అతన్ని ఒప్పించడానికి గంట పట్టింది. కట్టిన ముప్పై ఆరు వేలు, కట్టబోయే ముప్పై ఆరు వేలు కలిపి, నెలకు వెయ్యి చొప్పున. నోటిమాట చాలంది రజని. చాలదన్నాడు పోశం. తండ్రి చెబుతుంటే బాకీ కాగితం రచనే రాసింది. దాన్ని మడిచి రజని చేతిలో పెట్టాక, పోశం తెచ్చిన మామిడిపండ్లలో ఒకటి తనే తీసుకుని తిన్నాడు.

ఆ సాయంత్రం సంగతంతా ఫోన్లో విని అభినవ్ అన్నాడు: "అమ్మా, నా పెండ్లి గూడ కిస్తీలల్లనే పెట్టినవా?"

రచన ఇంటర్ అయిపోయి ఇప్పుడు డిగ్రీ రెండో ఏడులో ఉంది. ఇప్పటి ఫీజు ప్రభుత్వం ఇస్తోంది. కాగితం రాసి రెండేళ్లయింది. మగ్గాలు ఆగిన అయిదు నెలలు తప్ప పోశం ప్రతి నెలా వెయ్యి పంపాడు. ఇంకా యాభై మూడు వేలు బాకీ ఉన్నాడు.