ఎదురుకాళ్ల పిల్ల కుడి మడమ

మొన్న అటక మీది సామాన్లు దించుతుంటే నా పాత బాస్కెట్‌బాల్ బూట్ల జత బయటపడింది. ఎడమ బూటు అడుగంతా అరిగిపోయి ముందువైపు నోరు తెరిచింది. కుడిది మాత్రం నిన్ననే కొన్నట్టుంది. దగ్గరికి తెచ్చుకుంటే, నాకే అనిపించిందో ఏమో గానీ, రబ్బరు వాసన వెనక నుంచి వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె వాసన సన్నగా వచ్చింది. "ఏంది గిది, ఒంటికాలి మీద ఆడినవా?" అని మా ఆయన నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. నవ్వడానికేముంది, ఆ ఏడాది సగం రోజులు నేను ఒంటికాలి మీదే బతికాను.

శామీర్‌పేట చెరువుకు కూతవేటు దూరంలో మా రేకుల ఇల్లు. బాపు చెరువులో వలలు వేసేవాడు, అమ్మ పొద్దున్నే చేపల గంపతో మేడ్చల్ పోయేది, నన్ను పెంచిందంతా బాపు తల్లి, మా అవ్వ. ఎండాకాలమంతా దండేల మీద ఆరే వలల నాచు వాసన, కొత్త నీళ్లు వచ్చాక గంపల్లో బొచ్చె చేపలు తపతపా కొట్టుకునే చప్పుడు, జవహర్‌నగర్ దిక్కు నుంచి గాలి తిరిగిన సాయంత్రాల్లో చెత్త కంపు భరించలేక తలుపులు బిగించుకుని, చెమటలు కక్కుతూ అవ్వ వండిన పులుసు జుర్రుకోవడం, ఇవన్నీ మా వాడలో ఇంటింటికీ ఉన్నవే. మా ఇంట్లో మాత్రమే ఉన్నది నా కాలు.

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. తల ముందు రావలసింది కాళ్లు ముందు వచ్చాయన్నమాట. అలా పుట్టినవాళ్లు పట్టేసిన నడుం మీద ఏడుసార్లు కాలు వేస్తే పట్టు విడిచిపోతుందని మా దగ్గర నమ్మకం. నడక వచ్చిన నాటి నుంచీ అదే నా కొలువు. దూరంగా ఉన్న అత్వెల్లి నుంచి కూడా జనం వచ్చేవారు. నాట్లు వేసి వంగిపోయిన ఆడవాళ్లు వచ్చేవారు, ప్లాట్లు అమ్మే ఒక పెద్దమనిషి కారు దిగి, మెడలోని బంగారు గొలుసు వీపు మీదికి తిప్పుకుని మా చాప మీద బోర్లా పడుకునేవాడు. కుడి కాలే వెయ్యాలని అవ్వ పట్టు. నేను గర్వంగా తొక్కేదాన్ని, అబ్బో, ఆ గర్వం ఇంతా అంతా కాదు!

ఆ కాలితోనే బడిలో బాస్కెట్‌బాల్ నేర్చుకున్నాను. పద్నాలుగేళ్లకే బోర్డు కింద నాకంటే ఎత్తు ఎగిరే పిల్ల మండలంలో లేదు. పీఈటీ సారు నన్ను రాష్ట్ర జట్టు ఎంపికలకు తయారుచేస్తున్నాడు, నా కాళ్లకు అప్పుడే కొన్న కొత్త బూట్లు. వానలు తగ్గుముఖం పట్టిన ఒక సాయంత్రం, సిమెంటు కోర్టు ఇంకా తడి ఆరలేదు, రింగుకు తగిలి వెనక్కి వచ్చిన బంతి కోసం ఎగరబోయాను. మడమ వెనక టప్‌మని చప్పుడు. ఎవరో తన్నారనుకుని తిట్టబోతూ వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. ఆ తర్వాత కాలు కింద పెట్టలేకపోయాను.

"బెణికింది, గంతే" అంది అవ్వ. మూడు రోజులు నూనె కాచి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మడమ పైనుంచి కిందికి గట్టిగా లాగి మాలీష్ చేసింది. పళ్లు బిగబట్టి ఓర్చుకున్నాను. నాలుగో రోజు సారు ఇంటికొచ్చి, నన్ను బోర్లా పడుకోబెట్టి ఎడమ పిక్క నొక్కాడు, పాదం కదిలింది. కుడి పిక్క నొక్కాడు, పాదం కదల్లేదు. మళ్లీ నొక్కాడు. ఆయన ముఖం చూసి అవ్వ చేతిలోని నూనె గిన్నె కింద పెట్టేసింది. ఆమె మళ్లీ ఆ గిన్నె ముట్టలేదు.

పిక్కను మడమకు కట్టే తాడు పూర్తిగా తెగిందని పట్నంలో డాక్టరు చెప్పాడు. కోసి కుట్టారు, పట్టీ వేశారు. మళ్లీ ఎగురుతానా అని అడిగితే ఆయన బాపు వైపు చూసి, "ముందు నడవనీ" అన్నాడు. చంకకర్రలతో, ఒక్క ఎడమ బూటుతో నేను కుంటుతుండగానే బతుకమ్మ పండుగ వచ్చింది. వాడంతా చుట్టూ తిరిగి ఆడుతుంటే నేను అరుగు మీద కూర్చుని రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు నములుతూ లోలోపల ఏడ్చాను. అది చాలదన్నట్టు ఆడవాళ్ల గుసగుస చెవిన పడింది. "కత్తి తగిలిన కాలు గదా, ఇగ పని జెయ్యదంట." ఎంపికలు పోతే పోయాయి, నా కాలు ఉత్త కాలైపోయిందన్న మాట మాత్రం గుండెలో ముల్లులా దిగింది.

పట్టీ విప్పాక చూస్తే పిక్క కట్టెపుల్లలా ఉంది. అవ్వ నేల మీద చింతగింజలు పోసి కాలి వేళ్లతో ఏరించేది. నెలలు గడిచాయి. ఆసుపత్రిలో కసరత్తు నేర్పే మేడమ్, "తాడు అతుక్కుంది, ఇక కుడి కాలు ఒక్కదాని మీదే నిలబడి పది లెక్కపెట్టు" అంది. నేను గోడ పట్టుకుని, ఎడమ బొటనవేలు నేలకు ఆనించి, దొంగలెక్క లెక్కపెట్టేదాన్ని. ఎక్కడ మళ్లీ టప్‌మంటుందోనని నా ప్రాణమంతా మడమలోనే ఉండేది. ఎవరూ కనిపెట్టలేదనుకున్నాను.

ఒక పొద్దున బాపు చెరువు నుంచి విల్లులా వంగి వచ్చాడు. తడి వల లాగుతుంటే నడుం పట్టేసింది. అలవాటు కొద్దీ అవ్వ వాకిట్లో చాప పరిచింది, పరిచాక గుర్తొచ్చి అక్కడే ఆగిపోయింది.

"వద్దమ్మా. బిడ్డ కాలి జోలికి పోకు" అన్నాడు బాపు.

"నేనేమన్ననారా?" అంది అవ్వ, చాప మాత్రం తీయలేదు.

"ఎడమ కాలు ఏస్తా" అన్నాను. అన్నాకే తట్టింది, ఎడమ కాలు ఎత్తితే నిలబడాల్సింది కుడి కాలి మీద. వాకిట్లో పట్టుకోవడానికి గోడ లేదు. బాపు నన్ను చూసి, బోర్లా పడుకుని, చెంప చాపకు ఆనించి ముఖం నా వైపు తిప్పుకున్నాడు. అవ్వ చెయ్యి చాపింది. "పట్టకు!" అని కసిరాను. ఎడమ పాదం లేచింది. కుడి పిక్క గజగజా వణికింది, కుట్టు వేసినచోట నిప్పు రాజుకున్నట్టు లాగింది, ఆ చప్పుడు ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని చెవులు కాచుకున్నాయి. ఒకటి. రెండు. నాలుగో దెబ్బకు చెమట కళ్లలోకి దిగింది. ఎడమ కాలు ఒక్కసారి కూడా నేలకు తగలనివ్వకుండా ఏడు పూర్తిచేశాను. చప్పుడు రాలేదు.

బాపు లేచాడు. "పట్టిడిసింది బిడ్డా! మస్తు పనిజేస్తది నీ కాలు" అన్నాడు. ఆ సాయంత్రం, నేను చూడటం లేదనుకుని, బాపు ద్వారబంధం పట్టుకుని పెదవి కొరుక్కుంటూ చెప్పులు వేసుకోవడం కనిపించింది. నాలుగు రోజులు అలా వంగే నడిచాడు. నేను అడగలేదు. నేను మాత్రం ఆ మర్నాటి నుంచే కసరత్తులో గోడ ముట్టలేదు. తర్వాతి ఏడాది రాష్ట్ర జట్టుకు ఎంపికైనవాళ్లలో చిట్టచివరి పేరు నాదే.

ఇప్పుడు నేను మేడ్చల్‌లో పిల్లలకు ఆట నేర్పుతున్నాను. అవ్వ లేదు, మా రేకుల ఇల్లున్నచోట కార్లు నిలుపుతున్నారు. బిడ్డ ఎదురుకాళ్లతో ఉందంటే డాక్టర్లు ఆపరేషన్‌తోనే కాన్పు చేస్తున్నారు, ఎదురుకాళ్ల పిల్లలు పుట్టడమే అరుదైపోయింది. నడుం పడితే అందరూ రోడ్డు మీది క్లినిక్‌కే పోతున్నారు, నేనూ అక్కడికే పొమ్మంటాను.

బాపు మాతోనే ఉంటాడు. బూట్లు ఆయన ముందు పెట్టి, ఇన్నేళ్లకు అడిగాను. "బాపూ, గా రోజు నిజంగ నడుం పట్టిడిసిందా?"

బాపు కుడి బూటు తీసుకుని మడమ దగ్గర వేలితో నిమిరాడు.

"నడుం సంగతి నాకేం యాదికుంది బిడ్డా. నువ్వు గోడ వట్టుకోని లెక్కవెట్టుడు రోజూ జూస్తనే ఉంటి. గా దినం నీ మడిమె దిక్కే జూసుకుంట పండుకున్న, నువ్వు వడితే పట్టుకుందామని."