వెనకనుంచి వినిపించే ఊ

మా పక్కింటి అన్న పోయాడన్న కబురు నాకు సైకిల్ మీద ఉండగా వచ్చింది. ఉప్పుగూడ స్టేషన్ దాటుతున్నాను, ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. వదిన ఫోన్ చేసింది. “మీ అన్న పోయిండమ్మా,” అని, “నువ్వు మెల్లగనే రా, ఉర్కకు,” అంది. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో నలిగిన మాట అది. అంత దుఃఖంలోనూ ఆమె నోట అదే వచ్చింది. నేను మెల్లగానే వెళ్లాను. కళ్లనిండా నీళ్లుంటే రోడ్డు ఎక్కడ కనపడుతుంది?

సొంత అన్న కాదు. గోడకు గోడ ఆనుకున్న ఇల్లు, అంతే. ఛత్రినాకలో సిమెంటు, ఇనుము అమ్మే దుకాణం ఆయనది. దుకాణం తెరిచేలోపు సన్నటి టైర్ల సైకిల్ మీద వంగి కూర్చుని ఊరు దాటి వచ్చేవాడు. పొద్దున్నే పాలకోసం బయటికొచ్చే అలవాటు మీలో ఎవరికైనా ఉంటే చూసే ఉంటారు. తలకు టోపీ, దానికింద ఒక తువ్వాల, ముఖంలో ఎక్కడికీ తొందరలేని తనం. మాట చాలా తక్కువ. ఇంట్లో ఏమడిగినా “ఊ” అనడమే. “కూరల ఉప్పెక్కువైందా అంటె ఊ అంటడు, తక్కువైందా అంటె ఊ అంటడు. ఈ మనిషితోటి ఎట్ల ఏగాలె నేను?” అని వదిన మా ఇంటికొచ్చి మొత్తుకునేది.

నేను ఆయనకు పూర్తి విరుద్ధం. కోపం ముక్కుమీద, మాట నాలుక చివర. బట్టల దుకాణంలో బిల్లు కౌంటర్ దగ్గర కూర్చుని కూర్చుని ఒళ్లు మొద్దుబారింది. ఒకరోజు స్టేషన్ వంతెన మెట్లెక్కి, మధ్యలో నడుం పట్టుకుని నిలబడిపోయాను. కళ్లముందే లోకల్ రైలు వెళ్లిపోయింది. తప్పు నా ఊపిరిది, నేను తిడుతున్నది మాత్రం రైలును. చుట్టాన్నెవరినో ఎక్కించడానికి వచ్చిన అన్న అదంతా చూశాడు. మర్నాడు పొద్దున చూస్తే ఆయన పాత సైకిల్ గాలి కొట్టించుకుని మా గుమ్మం ముందు నిలబడి ఉంది.

నలభై దాటిన ఆడదానికి సైకిలేందని గల్లీలో లొల్లి జరిగింది. ఆ లొల్లికి జవాబు నేను చెప్పుకోగలను కాబట్టి అన్న జోక్యం చేసుకోలేదు. కానీ మొదటిరోజే నా పౌరుషమంతా పెడళ్ల మీద చూపించాను. ఫలక్‌నుమా ఎత్తు సగం ఎక్కేసరికి తాగిన చాయ్ అంతా రోడ్డు పక్కన కక్కుకున్నాను. అన్న తన తీరులో తాను వచ్చి, కాలు కింద పెట్టి, నీళ్ల సీసా చేతికిచ్చాడు.

“అయిందా? ఇగ మెల్లగ తొక్కుదాం. నువ్వు ముందు నడువు, నేను ఎనక ఉంట. ఏదన్న ముచ్చట చెప్పు.”

“ఏం ముచ్చట?”

“ఏదన్న. నీకు ముచ్చట్లకు కరువా?”

ఆయన నవ్వుతుంటే కోపం వచ్చింది కానీ, చెప్పడం మొదలుపెట్టాను. పెళ్లిచీరలు కొనడానికి మా దుకాణానికి వచ్చిన అత్తాకోడళ్ల పంచాయితీ. వెనకనుంచి “ఊ”. పిల్లలకు రాత్రి కథ చెబితే వాళ్లు కొట్టే ఊ లాంటిదే. మాట మధ్యలో నాకు ఊపిరి తెగితే మాత్రం ఊ వచ్చేది కాదు. “మాట ఆగింది, స్పీడు తగ్గించు,” అని వచ్చేది. మళ్లీ మాట సాఫీగా సాగేదాకా తగ్గించాల్సిందే. ఆయన నేర్పిన చదువంతా ఇదే. ముచ్చట చెప్పగలిగినంత నిదానంగా తొక్కు, కానీ రోజూ తొక్కు, వారం వారం ఇంకొంచెం దూరం పో. మూడు వారాలు పెంచితే నాలుగో వారం తగ్గించు. ఆకలి కాకముందే ఒక అరటిపండు తిను.

గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో చూపించే వాచీ ఒకటి కొన్నాను. అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “మంచిగుంది. ముచ్చట చెప్పు,” అన్నాడు.

నెలలు గడిచాయి. చాంద్రాయణగుట్ట దాటాక కుర్రాళ్ల గుంపులు మమ్మల్ని దాటుకుని రయ్యిమని పోతుంటే నా కడుపు మండిపోయేది. “ఎన్ని రోజులన్నా ఇట్ల ఎద్దుబండి లెక్క?” అని ఒకరోజు కొట్లాటకు దిగాను. దానికి ఆయన దుకాణం భాషలో చెప్పాడు. “స్లాబ్ ఏసినంక ఏం చేస్తరు? దినాం నీళ్లు పడ్తరు. సూసెటోనికి ఏం పని అయితలేదు అనిపిస్తది. లోపల అది గట్టిపడ్తనే ఉంటది. నువ్విప్పుడు నీళ్లు పడ్తున్నవ్ చెల్లె, ఫికర్ చెయ్యకు.” ఆయన ఒక్కసారిగా అన్ని మాటలనడం నేను వినడం అదే మొదలు. చలికాలం పోయేలోపు ఇద్దరం నాగార్జునసాగర్ దాకా తొక్కుదామని, నీళ్లు కనపడేచోట కూర్చుని సద్ది తిందామని కూడా ఆరోజే అన్నాడు. నాకు అది పట్టుకుంది. దుకాణంలో బిల్లులు కొడుతున్నా సాగర్ రోడ్డే కళ్లముందు.

తర్వాత ఆయన ఊ ఆలస్యంగా రావడం మొదలైంది. “ఏందన్నా, హ్యాండిల్ మీదనే పంటున్నవా?” అని ఎగతాళి చేశాను. దబీర్‌పురా దగ్గర ఒకరోజు వెనకనుంచి ఏమీ వినపడక తిరిగి చూస్తే, సైకిల్ దిగి గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఊపిరితిత్తుల్లో గడ్డ అన్నారు. బాగా ముదిరిందన్నారు. ఆ మాట ఆసుపత్రి వరండాలో విన్నప్పుడు నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. నా ఊపిరి బాగుచేసిన మనిషికా ఇది?

మంచం పట్టాక రోజూ తొక్కి వచ్చి ఆయన పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. “చెప్పు,” అనేవాడు. ఎటు పోయానో, ఎక్కడ గాలి ఎదురొచ్చిందో, ఏ కుక్క వెంటపడిందో చెప్పేదాన్ని. కళ్లు మూసుకుని ఊ కొట్టేవాడు. ఆ కాసేపు ఆయన కూడా రోడ్డుమీదే ఉండేవాడనుకుంటాను.

రోజులు ఎక్కువ లేవని డాక్టర్లు వదినతో చెప్పేశారు. నేనిక ఆగలేకపోయాను. “ఈ ఆదివారమే సాగర్‌కు పోతనన్నా. పోయొచ్చి నీకు చెప్త,” అన్నాను.

“యాడిదాకా పోతున్నవిప్పుడు?”

“ఇబ్రహీంపట్నం పోయొస్తున్న.”

“వాపసొచ్చెటప్పుడు మాట తెగుతుందా?”

అబద్ధం చెప్పలేకపోయాను. “జరంత.”

“అయితే ఇంక కాలే.”

“అన్నా, మరి నువ్వు అప్పటిదాక...” అన్నాను. ఆయనకు అర్థమైంది. చాలాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు.

“నా కోసం ఉర్కకు చెల్లె. స్లాబ్ గట్టిపడకముందే కింది సెంట్రింగ్ చెక్కలు ఇప్పుతరా ఎవరన్న?”

బయటికొచ్చి వాళ్ల గోడకే ఆనుకుని ఏడ్చాను. వదిన వెనకాలే వచ్చింది. “ఒక్కసారి పోనియ్యరాదు, వచ్చి చెప్తె మీరు ఇంటరు గదా అని నేను గుడ అడిగిన,” అంది. “ఇన్నేండ్లల్ల నేనేమడిగినా ఊ అన్న మనిషి. దీనికి మాత్రం అనలే.”

ఆయన మాట ప్రకారమే చేశాను. ప్రతి ఆదివారం ఇంకొంచెం దూరం. సాగర్ రోడ్డులో మాల్ అనే ఊరి దాకా వెళ్లి, మాట తెగకుండా తిరిగొచ్చిన రోజు చెబితే ఊ అనడానికి కూడా శక్తి లేక వేలు ఎత్తాడు. ఆ తర్వాతిది తగ్గించాల్సిన వారం. ఆ వారంలోనే పోయాడు. ఇంకొక్క నెల ఉంటే ఏమయ్యేదని ఇప్పటికీ ఎవరితోనో పోట్లాడాలనిపిస్తుంది. ఎవరితోనో తెలియదు.

మొన్న వెళ్లాను, ఒక్కదాన్నే. దారంతా పైకే మాట్లాడుతూ తొక్కాను. చాయ్ బండి దగ్గర నిలబడ్డవాళ్లు వింతగా చూశారు, చూడనీ. చివరి ఎత్తు మీద కూడా నా మాట తెగలేదు. నీళ్లు కనపడేచోట కూర్చుని సద్ది విప్పాను కానీ సగం కూడా తినలేకపోయాను. సైకిల్ బస్సులో వేసుకుని తిరిగొచ్చాను.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లేసరికి వదిన అన్న సైకిల్‌ను ఆయన పాత తువ్వాలతో తుడుస్తోంది. మంచం తీసేశారు. స్టూలు మాత్రం అక్కడే ఉంది. అలవాటుగా దానిమీదే కూర్చున్నాను.

“చంపాపేట దాటెదాక ఇంక చీకటే ఉండె వదినా,” అన్నాను.

అక్కడ ఆగిపోయాను. అన్న ఊ కొట్టే చోటు అది. అంతసేపు రోడ్డుమీద ఒక్కసారి కూడా తెగని మాట ఆ గదిలో తెగిపోయింది.

వదిన తల ఎత్తలేదు. తువ్వాలను ఒక చువ్వ మీదినుంచి ఇంకో చువ్వకు మార్చి, “ఊ,” అంది.