గుర్రుమనడం మానేసిన బొగ్గు

ఆమె ఇరవై రెండేళ్లు బట్టల మిల్లులో పనిచేసింది. మరమగ్గాల హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు. ఆడవాళ్లంతా పెదవులు, కనుబొమలు, భుజాలు చూసి మాట్లాడుకునేవారు. మేస్త్రీ ఆ రోజు ఎవరి మీద విరుచుకుపడతాడో అతని నడకను బట్టే తెలిసిపోయేది. మిల్లు మూతపడేనాటికి ఆమె చెవులు కూడా దాదాపు మూతపడ్డాయి. తర్వాత కూతురింటికి వచ్చి, ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుంది. వీధిలో అందరికీ ఆమె మిషనమ్మ.

ఆ ఇంట్లో కూతురు, అల్లుడు, ఆరేళ్ల మనవరాలితో పాటు బొగ్గు అనే నల్లకుక్క ఉండేది. నాలుగేళ్లుగా మిషను కిందే దాని పడక.

ఒక గురువారం సాయంత్రం ఆమె చొక్కాకి కాజాలు కుడుతోంది. మనవరాలు పరుగున వచ్చి, పడుకున్న బొగ్గు మెడ చుట్టూ చేతులు వేసి గట్టిగా వాటేసుకుంది. ఆమె తలెత్తేసరికి బొగ్గు గోడవారకి నక్కింది, పిల్ల ఏడుస్తోంది. ముంజేతి మీద రెండు పంటిగాట్లు. చర్మం కమిలింది కానీ రక్తం రాలేదు. సబ్బుతో బాగా కడిగి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి సూది వేయించారు.

అల్లుడు బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చాక సంగతి విని, ఆమెకి పెదవులు కనిపించేలా ఎదురుగా కూర్చున్నాడు.

“మొరిగే కుక్క కరవదంటారు అత్తయ్యా. ఇది మొరగలేదు, గుర్రుమనలేదు, చెప్పాపెట్టకుండా కరిచింది. ఎలా నమ్మమంటారు? ఊరి బయట తోట ఉన్నాయన కాపలాకి కుక్క కావాలంటే మాట్లాడాను. ఆదివారం వచ్చి తీసుకెళ్తాడు.”

అతని మొహంలో కోపం కంటే భయమే ఎక్కువగా కనిపించింది. అందుకే ఆమె వాదన పెట్టుకోలేదు.

“అప్పటిదాకా నా కళ్లెదురుగానే ఉండనీ బాబూ. పిల్లని దాని దగ్గరికి రానివ్వను” అంది.

శుక్రవారం ఆమె చేతిలో బట్ట ఉందే గాని కళ్లు మాత్రం బొగ్గు మీదే ఉన్నాయి. కూతురు వచ్చి వీపు నిమిరితే దాని ఒళ్లంతా మెత్తబడింది, తోక అటూ ఇటూ హాయిగా ఊగింది. చెయ్యి మొహం వైపు వెళ్లగానే బొగ్గు నోరు మూసుకుంది. తల పక్కకి తిప్పుకుని మూతి నాక్కుంది. కంటి కొసన తెల్లగుడ్డు కనిపించింది.

“తోక ఆడిస్తోంది కదమ్మా, బాగానే ఉంది” అంది కూతురు.

“ముందు చెయ్యి తియ్యి. ఒక్క తోకని చూస్తే ఎలాగే? ఇప్పుడది కర్రలా నిగిడి, కొస మాత్రమే ఆడుతోంది చూడు. ఒళ్లు బిగబట్టింది. మా మేస్త్రీ కూడా తిట్టబోయే ముందు నవ్వేవాడు.” ఆమె బట్ట పక్కన పెట్టి అడిగింది. “ఇది ఇంతకుముందు ఎప్పుడైనా గుర్రుమందా? నాకు వినపడదు, నువ్వు చెప్పాలి.”

కూతురు ఆలోచించింది. “పోయిన నెలలో రెండుసార్లు అంది. పాప మీద గుర్రుమంటావా అని ఆయన చెప్పు చూపించి బెదిరించారు. అప్పట్నుంచి మానేసింది.”

“మానేయలేదే తల్లీ, మనమే మాన్పించాం. నోరు నొక్కేస్తే పాపం అదేం చేస్తుంది?”

శనివారం ఇంకో సంగతి బయటపడింది. అన్నం పెడితే బొగ్గు తల కుడివైపు వంచి ఒక పక్కనే నమిలింది. సగం మెతుకులు ఎడమవైపు నుంచి జారిపోయాయి. పిల్ల వాటేసుకున్నప్పుడు చెయ్యి పడింది కూడా ఎడమ దవడ మీదే.

దానికి పన్ను నొప్పేమో, డాక్టరుకి చూపిద్దామని ఆ సాయంత్రం అల్లుడికి చెప్పింది. అతను నమ్మీ నమ్మనట్టు చూశాడు.

“తీరా చూపిస్తే దానికేం లేదంటే?”

“అప్పుడు నేనే గొలుసు పట్టుకుని తోట ఆయన బండి ఎక్కిస్తాను.”

ఆదివారం పొద్దున్నే ఆమె, అల్లుడు బొగ్గుని తీసుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లారు. బొగ్గుకి మత్తిచ్చి లోపలికి తీసుకెళ్లారు. బయట బల్ల మీద ఆమె గొలుసు మడతపెడుతూ, విప్పుతూ కూర్చుంది. ఒకవేళ తను పొరబడి ఉంటే? చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. డాక్టరు ఇంకా నోరు విప్పకముందే, బిగువు సడలిన ఆయన భుజాలు చూసి ఆమెకి ఊపిరి అందింది.

“ఎడమ దవడపన్ను నిలువునా చీలి, చిగురు చీముపట్టింది. పీకేశాను. ఇంత నొప్పి మనకి ఉంటే వీధిలో ఒక్కరినీ వదిలేవాళ్లం కాదు” అన్నాడు డాక్టరు.

అల్లుడు వరండా చివరికి వెళ్లి ఫోన్ చేశాడు. అంత దూరం నుంచీ ఆమె అతని పెదవులు చదివింది. ‘రావద్దండీ. ఇవ్వట్లేదు. మా కుక్క మాకే కావాలి.’ గుండెల మీది కుంపటి దించినట్టయింది. కళ్లు చెమర్చాయి. చీరచెంగుతో తుడుచుకుంది.

అతను వచ్చి పక్కన కూర్చున్నాడు. “చెప్పుతో బెదిరించకుండా ఉండాల్సింది అత్తయ్యా.”

“పిల్ల తండ్రివి, భయపడ్డావు. అందులో తప్పేముంది? ఇకనుంచి అది ఏం చెబుతోందో అందరం నేర్చుకుందాం.”

అలాగే నేర్చుకున్నారు. వాటేసుకోకూడదు, నిద్రలో కదపకూడదు, దూరంగా కూర్చుని పిలవాలి. అదే దగ్గరికొస్తే ఛాతీ కింద గోకాలి. ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేకుండా పిల్లనీ కుక్కనీ ఒకే గదిలో వదలడం మానేశారు. పుండు మానాక బొగ్గు రెండు వైపులా నమలడం మొదలుపెట్టింది. మిషను కింద వెల్లకిలా పడుకుని కాళ్లు గాల్లోకి చాపేది.

ఒకరోజు జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన పక్కింటావిడ, ముద్దుగా ఉందంటూ బొగ్గు మీదికి వంగింది. మనవరాలు గబుక్కున అడ్డం వచ్చింది.

“ఆంటీ, మూతి నాక్కుంటోంది. ఇప్పుడొద్దంటోంది. మీరు తర్వాత రండి!”

పక్కింటావిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. సూదిలో దారం ఎక్కిస్తున్న మిషనమ్మ పిల్ల పెదవులు చూసి పకపకా నవ్వింది. దారం జారిపోయింది. కళ్లజోడు సర్దుకుని మళ్లీ ఎక్కించుకుంది.