లంక ఆకుల కవరు

ఎనిమిదేళ్లుగా మోస్తున్నాను. చూడబోతే అది ఒక కాగితం కవరు, అందులో గుప్పెడు మొక్కజొన్న ఆకులు. చంటిపిల్ల కూడా మోయగలదు. అయినా ఆ కవరు గుర్తొచ్చిన రోజు నాకు అన్నం సహించదు. నా పేరు అడక్కండి. మిగతాదంతా మీకు దాచకుండా చెబుతాను.

రాజమండ్రిలో ఒక కాలేజీ పరిశోధనలో నేను ఫీల్డ్ అసిస్టెంటుని. అప్పట్లో కాంట్రాక్టు ఉద్యోగం. గాలిలో బొగ్గు, పెట్రోలు పొగ ఎంత కలిసిందో ఆకుల్ని బట్టి తెలుసుకోవడం మా మేడమ్ పని. మొక్క గాలిని తినే ఒళ్లు పెంచుకుంటుంది. మామూలు గాలిలో రేడియోకార్బన్ అనేది రవ్వంత ఉంటుంది. బొగ్గూ పెట్రోలూ కోట్ల ఏళ్లు భూమిలో మగ్గినవి కాబట్టి వాటి పొగలో అది బొత్తిగా ఉండదు. ఆ పొగ తిన్న ఆకులో అందుకే అది తగ్గుతుంది. ఎంత తగ్గిందో తేలాలంటే ముందు పొగ సోకని ఆకు ఒకటి కావాలి, మిగతావన్నీ దానితో పోల్చాలి. దానికోసం మేడమ్ గోదావరి మధ్యలో ఒక లంకను ఎంచుకున్నారు. అక్కడి రైతు అప్పారావుగారు ఒక సాలు మొక్కజొన్నను మా కోసం కోయకుండా ఉంచుతానన్నారు. ఆ దరిదాపులకు డీజిల్ ఇంజను తేనని కూడా మాటిచ్చారు.

ఆకులు తేవలసింది నేను. మాఘమాసం, ఆ రోజే కొవ్వూరులో మా చుట్టాల పెళ్లి. రేవుకి వెళ్లేసరికి జనాన్ని దాటించే పంటు వెళ్లిపోయింది. మళ్లీ రావడానికి గంటన్నర పడుతుందన్నారు. అంతసేపు ఆగితే పనసపొట్టు కూర అయిపోతుందేమోనని నా బెంగ. నవ్వుకోండి, ఇంకొకరు చెబితే నేనూ నవ్వేవాణ్ణే. గట్టు కింద ఇటుక బట్టీ పక్కన చిన్న మొక్కజొన్న చేను కనిపించింది. అదే విత్తనం, అవే గోదారి నీళ్లు, తేడా ఏముంటుందిలే అనుకున్నాను. డెల్టాలో పుట్టినవాడికి పంట అంటే నీళ్లే. వంకాయ రుచిగా ఉందంటే ఏ కాలవ కింద పండిందని అడుగుతాం. ఏ గాలికి పెరిగిందని అడిగినవాణ్ణి నేను చూడలేదు. మేడమ్ ఎన్నిసార్లు చెప్పినా ఆ సంగతి నా బుర్రకెక్కలేదు.

అంతేనా? తెలియకే చేశానా? బట్టీలో బొగ్గు మండుతోంది. పొగ నా మొహానికే కొట్టింది. కళ్లు నులుముకుని ఆకులు కోశాను, కవరు మీద లంక పేరు రాశాను, ఇదివరకు లంకకు వెళ్లినప్పటి లొకేషన్ ఫోన్‌లో వెతికి ఆ అంకెలు కూడా ఎక్కించాను. అమాయకుణ్ణని చెప్పుకుందామంటే ఆ అంకెలు అడ్డొస్తాయి. పెళ్లికి వెళ్లి కూర రెండుసార్లు వడ్డించుకున్నాను.

కొన్ని నెలలకు ఫలితాలు వచ్చాయి. హైవే పక్క ఆకు కన్నా లంక ఆకే ఎక్కువ పొగ తిన్నదట. ఏడాది పని నీళ్లపాలైంది. రైతు ఇంజను పెట్టుంటాడని పై ప్రొఫెసరు తేల్చేశారు. అప్పుడైనా నోరు విప్పానా? నా కాంట్రాక్టు పొడిగించాల్సిన నెల అది. ఇంట్లో మా ఆవిడకి ఏడో నెల. విప్పలేదు.

స్వయంగా కనుక్కుంటానని మేడమ్ లంకకు బయల్దేరారు, నన్ను వెంటబెట్టుకుని. పంటు మీద ఉన్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన. ఆ రోజు నేను రాలేదని అప్పారావుగారికి తెలుసు.

"ఆ సాలు దగ్గర ఇంజను పెట్టారాండీ? ఏమీ అనను, ఉన్నది చెప్పండి," అన్నారు మేడమ్.

"ఇంజనాండీ? ఆ పక్కకే రానివ్వలేదండీ. నేనూ మా ఆవిడా బిందెల్తో మోసి తడిపావండీ. గేదెలకి మేత లేకపోయినా ఆ సాలు ముట్టుకోలేదు. అసలు ఆకులు కొయ్యడానికి..."

ఆగిపోయారు. నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను.

"ఈయన వచ్చి కోసిన రోజున ఇంజను ఎక్కడుందండీ?" అని మేడమ్ మళ్లీ అడిగారు.

"ఆయ్... ఆడిందేమోనండీ. పెద్దవాణ్ణయిపోయాను, గుర్తుండి చావదు. తప్పు నాదేనండీ."

తిరిగి వచ్చేటప్పుడు కాల్చిన పొత్తు ఒకటి నా చేతిలో పెట్టి, "ఈసారి రండి బాబూ," అన్నారు మెల్లగా. ఆ గొంతులో కోపం కోసం వెతికాను. దొరకలేదు.

ఆ చేనుని మేడమ్ జాబితాలోంచి కొట్టేశారు. రైతు ఇంజను పొగ వల్ల నమూనా పాడైందని రిపోర్టులో అచ్చయింది. లంకలో మాట తప్పని మనిషని పేరున్న ఆయన్ని, అప్పటినుంచి ఊళ్లోవాళ్లు ఇంజను అప్పారావు అని ఆటపట్టిస్తున్నారు. ఆయనా వాళ్లతో కలిసి నవ్వుతారు. నేను నవ్వలేను.

నా ఉద్యోగం నిలిచింది, తర్వాత పర్మనెంటు కూడా అయింది. ఆ ఏడాది పుట్టిన మా అమ్మాయి ఇప్పుడు మూడో తరగతి. నేను తింటున్న ప్రతి ముద్దకీ ఆయనకి రుణపడి ఉన్నాను. ఇది మాటవరసకి అంటున్నది కాదు. ఆ తర్వాత ఏ ఆకూ కోయాల్సిన చోట తప్ప ఇంకెక్కడా కోయలేదు. పంటు తప్పితే రేవులోనే కూర్చుంటున్నాను. ఏటా లంకకు వెళ్తాను. ఆ సంగతి ఎత్తబోతే ఆయన గేదెల కబుర్లలోకి దింపేస్తారు. క్షమించమని అడగలేదు. అడిగితే టక్కున క్షమించేస్తారు. అంత తేలిగ్గా బయటపడటం నాకు ఇష్టం లేదు.

మేడమ్‌కి ఇంకా చెప్పలేదు. చెప్పాలి. ముందు మీతో చెబుతున్నాను, చెబుతుంటేనే ఊపిరి ఆడుతోంది. ఆ కవరులోవి ఇటుక బట్టీ పక్క ఆకులు. ఆ రోజు నేను లంకకు వెళ్లలేదు. ఆ సాలు దగ్గర ఏ ఇంజనూ ఆడలేదు. అప్పారావుగారు ఆడిన అబద్ధం ఆ ఒక్కటే, అదీ నాకోసం.