జోగారావు చెవిలో హోరు

జోగారావు హార్మోనియం ముందు కూర్చున్నాడంటే రామాలయం పక్క ఇళ్లలో టీవీలు కట్టేసేవారు. ఆయనది చదువుకున్న సంగీతం కాదు. చిన్నప్పుడు ఉండి అనే ఊళ్లో మేనమామ దగ్గర పట్టుకున్న నాలుగు ముక్కలే. కానీ దేవుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడుతున్నట్టు పాడేవాడు. ఒక్కోసారి దెబ్బలాడేవాడు కూడా.

వాళ్లది కొల్లేరు అంచున, కొల్లేటికోట వెళ్లే దారిలో ఓ చిన్న ఊరు. చుట్టుపక్కల పొలాలన్నీ చేపల చెరువులైపోయినా జోగారావు తన రెండెకరాల్లో వరే వేసేవాడు. గేదెకు పాలు పితికినా పాటే, చేలో గట్టు చెక్కినా పాటే. కూతురు కుసుమను, కొడుకు చరణ్‌తేజను ఒళ్లో వేసుకుని జోకొట్టింది తల్లి కాదు, ఆయనే. భార్య వెంకటనరసమ్మకు పాట రాదు. భజనలో ఆడవాళ్ల వైపు కూర్చుని తాళాలు వేసేది. “నువ్వు తాళం తప్పవు నరసా, అదే నాకు ధైర్యం” అనేవాడాయన.

శ్రావణమాసంలో ఒక సాయంత్రం కరెంటు పోయింది. చెరువుల్లో చేపలకు గాలి అందేలా తిరిగే మోటార్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఊరంతా చెవులు కడిగేసినట్టు నిశ్శబ్దమైపోయింది. వెంకటనరసమ్మ అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

“ఆ మోటారెవరిదో గానీ కాసేపు కట్టమని చెప్పు నరసా. పొద్దుటినుంచీ ఒకటే హోరు,” అన్నాడు జోగారావు.

ఆమె చేతిలో చేట ఆగిపోయింది.

“ఏ మోటారండీ?”

ఆయన బదులు చెప్పలేదు. తన మాట ఆయనకు వినపడలేదని అప్పుడే అర్థమైంది ఆమెకి. ఎక్కడో చెరువు అవతల ఒక కొంగ అరిచింది. అదీ ఆయనకు వినపడలేదు.

ఆ శనివారం భజనలో చరణం ఎత్తుకోగానే గొంతు శ్రుతి నుంచి వెంట్రుకవాసి జారింది. డోలక్ వాయించే అబ్బాయిరాజు తలెత్తి చూశాడు. జోగారావు కళ్లు మూసుకుని పాడుతూనే ఉన్నాడు. పాట దారిన పాట, హార్మోనియం దారిన హార్మోనియం పోతున్నాయి. వెంకటనరసమ్మ తాళాలు గట్టిగా మోగించింది. ఆ మోతలో తప్పు కలిసిపోవాలని.

ఏలూరు తీసుకెళ్లి చెవుల డాక్టరుకు చూపించింది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, జోగారావుకు కనిపించేలా ముఖం తిప్పి నిదానంగా చెప్పింది.

“నరం దెబ్బతిందండి. కుడి చెవి దాదాపు పోయినట్టే. ఎడమది కూడా తగ్గుతూ వస్తుంది.”

“ఆ హోరు తగ్గుతుందాండీ?” అని అడిగాడాయన. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

చెవిలో పెట్టుకునే మిషను ఇచ్చారు. ఇంటికి రాగానే అది పెట్టుకుని హార్మోనియం మెట్టు నొక్కాడు. రేకు డబ్బా మీద గరిటెతో కొట్టినట్టుందని తీసేశాడు. చాలాసేపు హార్మోనియం మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

“పిల్లలకి చెప్పకు నరసా. ఊళ్లో కూడా. నేను పాడుతుంటే జనం నా వంక జాలిగా చూస్తే నేను బతకలేను,” అన్నాడు.

“అలాగేనండి,” అంది ఆమె. ఆయనకు వినపడలేదేమోనని తల కూడా ఊపింది.

అప్పటినుంచి ఆమె భజనలో ఆయనకు ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టింది. ఆమె చేతులు చూసి ఆయన తాళం పట్టేవాడు. ఎడమ చెవి హార్మోనియం దగ్గరకు వంచి శ్రుతి వెతుక్కునేవాడు. దొరికిందా లేదా అన్నది ఆమె ముఖంలో చూసుకునేవాడు. అందరూ అది భక్తి పారవశ్యం అనుకున్నారు.

ఇంటి బయట అంతకన్నా కష్టమైంది. ఒకరోజు చెరువు గట్టు మీద చేపల లారీ వెనకాల హారన్ మోగిస్తూ వస్తుంటే ఆయన దారి మధ్యలో పాడుకుంటూ నడుస్తున్నాడు. వెంకటనరసమ్మ పరుగెత్తుకెళ్లి భుజం పట్టి లాగింది. లారీ గాలికి ఆయన తలగుడ్డ ఎగిరి చెరువులో పడింది. ఆయన నవ్వేశాడు. ఆమెకు మాత్రం ఆ తర్వాత ఇంట్లో పని చేస్తున్నా చెవులు వీధిలోనే ఉండేవి. ఆయన ఎటు వెళ్తే అటు ఏదో వంకతో వెంట నడిచేది. “ముసలితనంలో మొగుడి మీద ప్రేమ ముంచుకొచ్చింది పిన్నిగారికి,” అని పక్కింటి సూర్యకాంతం వేళాకోళం చేసేది.

మరుసటేడు వానాకాలంలో బుడమేరు వాగు పొంగి ఆ నీరంతా కొల్లేట్లోకి వచ్చి పడింది. చేలు మునిగాయి. చెరువు గట్లు తెగి చేపలు రోడ్ల మీదికొచ్చాయి. కొల్లేటికోట రోడ్డు మీద మోకాల్లోతు నీళ్లు. ట్రాక్టర్లు తప్ప ఏవీ తిరగడం లేదు.

జోగారావు ఏటా ఆ నెలలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి వెళ్లి, తాను కట్టుకున్న పాట అమ్మవారి ముందు పాడి వచ్చేవాడు. తాడేపల్లిగూడెంలో పనిచేసే చరణ్‌తేజ ఆ వారం ఇంటికొచ్చి ఉన్నాడు.

“ఈసారికి వద్దు నాన్నా. నీళ్లు తగ్గాక వెళ్దురుగాని,” అని బతిమాలాడు.

జోగారావు వినపడనట్టు ఊరుకున్నాడు. నిజంగానే వినపడలేదో, వినదలుచుకోలేదో వెంకటనరసమ్మకే తెలియలేదు. కొడుకు అటు వెళ్లాక ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“ఎడమ చెవిలో ఇంకా కాస్త ఉంది నరసా. నీళ్లు తగ్గేదాకా ఉంటుందో లేదో. నా గొంతు నాకు వినపడుతుండగా అమ్మకి ఒక్కసారి పాడి రానీ.”

ఆమె కాదనలేకపోయింది. తానూ బయల్దేరింది.

అబ్బాయిరాజు తోడొచ్చాడు. ట్రాక్టరు తొట్టిలో ఊరివాళ్లు మరికొందరితో పాటు నిలబడి వెళ్లారు. రోడ్డుకు రెండు పక్కలా నీళ్లే. ఎక్కడ రోడ్డు, ఎక్కడ సరస్సు అన్నది కరెంటు స్తంభాల వరసను బట్టి పోల్చుకోవాల్సిందే. కిక్కిస గడ్డి కొసలు మాత్రం పైకి కనిపిస్తున్నాయి.

గుళ్లో పదిమంది కూడా లేరు. జోగారావు హార్మోనియం లేకుండానే పాడాడు. వెంకటనరసమ్మ తాళాలు తీయబోతే వద్దని సైగ చేశాడు. కళ్లు మూసుకున్నాడు. గొంతు ఎక్కడా జారలేదు. పాతికేళ్ల కింద భజనలకు ఊరూరా పిలిపించుకున్న గొంతు అది. ఆమె ఏడవడానికి కూడా భయపడింది. అంత బాగా పాడటం ఆమెకు మంచి శకునంగా అనిపించలేదు.

తిరిగి వచ్చేసరికి నీళ్లు ఇంకా పెరిగాయి. సగం దారిలో నీళ్ల మీద పెరిగే గుర్రపు డెక్క మొక్క పెద్ద తెప్పలా కొట్టుకొచ్చి రోడ్డుకు అడ్డం పడింది. డ్రైవరు వెంకట్రాజు ట్రాక్టరు ఆపాడు. మగవాళ్లు నలుగురు దిగి వెదురు గడలతో డెక్కను పక్కకు నెట్టడం మొదలుపెట్టారు. వాళ్లలో జోగారావు ఒకడు. వద్దని వెంకటనరసమ్మ చెయ్యి చాచేలోపే ఆయన దిగిపోయాడు.

అందరికన్నా ముందున్నాడు. వీపు ఇటు తిప్పి, ఏదో కూనిరాగం తీస్తూ నెడుతున్నాడు.

“వచ్చేయండి, వచ్చేయండి! రోడ్డు అంచు కోసేస్తోంది!” అని వెంకట్రాజు అరిచాడు. మిగిలిన ముగ్గురూ గడలు వదిలేసి వెనక్కి పరుగెత్తారు.

జోగారావు తిరగలేదు.

“జోగారావు గారూ!” అబ్బాయిరాజు గొంతు చించుకున్నాడు. “ఏటండీ ఆయన, పలకరేంటండీ?”

“వినపడదు! ఆయనకి వినపడదు, వెళ్లి పట్టుకోండి!” అంది వెంకటనరసమ్మ. ఏడాదిగా దాచిన మాట కొల్లేరంతా వినేలా కేక వేసింది. అబ్బాయిరాజు తొట్టిలోంచి నీళ్లలోకి దూకాడు. అతను రెండడుగులు వేసేలోపు జోగారావు కాళ్ల కింద రోడ్డు అంచు జారిపోయింది. ఆయన ఒక్కసారి వెనక్కి చూశాడు. కేకలు విని కాదు, కాళ్లకు నేల తగలక. ఆమె ముఖం కోసమే చూసినట్టున్నాడు. ఆ తర్వాత గుర్రపు డెక్క ఆయన ఉన్నచోట మూసుకుంది.

మర్నాడు పడవల వాళ్లు ఆయన శవాన్ని తీసుకొచ్చారు. చూడవచ్చిన వాళ్లు “అమ్మ పాట విని పిలిపించుకుంది” అన్నారు. వెంకటనరసమ్మ ఆ మాటకు తల ఊపలేదు.

కర్మలయ్యాక చరణ్‌తేజ అడిగాడు. “నాకు చెప్పుంటే వెళ్లనిచ్చేవాణ్ణా అమ్మా?”

“చెప్పొద్దన్నారురా,” అంది. కుసుమ తమ్ముడి చెయ్యి పట్టుకుని బయటకు తీసుకుపోయింది.

కొన్నాళ్లకు చరణ్‌తేజ తాడేపల్లిగూడెంలో తన చెవులు చూపించుకుని వచ్చాడు. తాతకూ చివర్లో వినపడేది కాదని మేనత్త సుబ్బలక్ష్మి చెప్పిందట. “ఇప్పటికి బాగానే ఉన్నాయన్నారమ్మా. ఏటా చూపించుకోమన్నారు,” అన్నాడు తేలిగ్గా.

ఆమె దండం పెట్టుకుంది. అయినా కొడుకు ఇంటికొచ్చినప్పుడల్లా వంటింట్లోంచి, అతని వీపు తనవైపు ఉన్నప్పుడు చూసి, చిన్నగా పిలుస్తుంది. పొయ్యి చప్పుడులో కలిసిపోయేంత చిన్నగా.

“ఏంటమ్మా?” అంటాడతను.

“ఏం లేదులే,” అంటుంది. కాసేపయ్యాక ఇంకాస్త మెల్లగా మళ్లీ పిలుస్తుంది.