ఎవరూ కూర్చోకూడని కుర్చీ

ఆ రోజుల్లో మనిషన్నాక ఏదో ఒక పిచ్చి ఉండాలని నాకు గట్టి నమ్మకం. కంచన్‌బాగ్‌లో ఒక ఆఫీసులో కొత్తగా చేరాను. సాయంత్రం బస్సులో ఫోను చూసుకుంటూ శాలిబండ దాకా వచ్చేదాన్ని. ఆ ఫోనే నన్ను చెడగొట్టింది. ఎక్కడెక్కడి వడ్రంగులో ఒక్క మేకు కొట్టకుండా, ఒకదానిలాంటిది ఇంకొకటి లేకుండా చేతితో చేసిన కుర్చీలు, బల్లలు. వాటిని ఏరికోరి తెచ్చుకుని, గదినిండా పేర్చుకుని మురిసిపోయే మనుషులు. నేనూ అలాంటి మనిషినే అయి తీరాలనుకున్నాను. (మాది రెండు గదుల ఇల్లని, ఒక గదిలో సగం మా బాపు పాల క్యాన్లే ఉంటాయని అప్పుడు గుర్తు రాలేదు.)

మా గల్లీ చివర ఒక ముసలి వడ్రంగి ఉండేవాడు. అందరూ ఉస్తాద్ అనేవారు. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే టేకు దర్వాజాలు తెచ్చి, ఆ చెక్కతో ఏడాదికి నాలుగో ఐదో సామాన్లు చేసేవాడు, అంతే. ఆయన దగ్గర ఒక కుర్చీ కొన్నాను. టేకు చట్రం, కూర్చునే చోట నవారు అల్లిక. కానీ నా కన్ను పడింది వెనక గోడకు ఆనించి ఉన్న రాతబల్ల మీద. అదీ కావాలన్నాను. ఇవ్వనన్నాడు.

"ఒక్కరికి ఒక్కటే, బేటీ. చెక్క ఒక వానకాలం చూడాలె. దసరా దాటినంక కుర్చీ నా తాన తీస్కరా. దాన్ని చూసి బల్ల సంగతి చెప్త. అందాక బల్ల ఎవ్వరికియ్య."

కొనడానికి వచ్చినవాళ్ళకు పరీక్ష పెట్టే మనిషిని నేను అంతవరకు చూడలేదు. ఒళ్ళు మండింది. బల్ల మీద ఆశ చావక కుర్చీ తీసుకుని వచ్చాను.

పరీక్ష అంటే కుర్చీ తెచ్చిన రోజులాగే ఉండాలని కదా అర్థం? దుప్పటి కప్పి మూలన పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దని హుకుం జారీ చేశాను. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చుంటే లేవలేదు. "కుర్చీ తెచ్చినవ్, కూసోనియ్యవ్. గదేమన్న దేవుని పటమా బిడ్డా?" అనేది. "నీకు తెల్వదమ్మా, అది కలెక్షన్" అనేదాన్ని. (ఒకే ఒక్క కుర్చీని కలెక్షన్ అనడానికి నాకు ఏమాత్రం సిగ్గు వేయలేదు.) అమ్మ చేసేది లేక పాల క్యాను బోర్లించి దాని మీద కూర్చునేది.

ఆషాఢం వచ్చింది. బోనాలకు ముందు ఇంటికి సున్నం, తలుపులకు రంగు వేయని ఇల్లు మా గల్లీలో ఉండదు. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు నా కుర్చీ ఆరుతూ ఉంది. ఆకుపచ్చగా. కిటికీలకు వేయగా మిగిలిన ఆయిల్ పెయింటు బాపు దానికి పట్టించేశాడు. నాలుగు కాళ్ళకూ, అడుగునా, నవారుకు ఒక్క చుక్క అంటకుండా.

"పండుగపూట బోసిగున్నది బిడ్డా. రెండుసార్లు ఏసిన" అన్నాడు మురిసిపోతూ.

"బాపూ, గిది టేకు. టేకుకు ఎవరన్న రంగేస్తరా?"

"ఎందుకెయ్యరు? మన తలుపు గూడ టేకే."

దాంతో ఇంకా గట్టిగా అరిచాను. పక్కింటివాళ్ళు వచ్చి చూసి, రంగు బాగుందని బాపును మెచ్చుకుని పోయారు. రెండు రోజులు ఇంట్లో అన్నం మానేశాను (ఆఫీసు క్యాంటీన్‌లో కడుపునిండా తిన్నాను). ఆ తర్వాత వచ్చిన ఆదివారాలన్నీ సాండ్‌పేపర్‌తో గీకడానికే సరిపోయాయి. ఎంత గీకినా చెక్కల సందుల్లో పచ్చదనం మిగిలిపోయింది.

దసరా దాటింది. బాపు కుర్చీని నెత్తిన పెట్టుకుని నడిచాడు, నేను వెనకాల మూతి ముడుచుకుని నడిచాను. ఉస్తాద్ నోరు తెరవకముందే, రంగు వేసింది బాపేనని ఫిర్యాదు చేసేశాను. ఆయన రంగు వైపు చూడనే లేదు. నవారు మీద పిడికిలి పెట్టి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

"నవారు జర గూడ దిగలే. ఎవ్వరు కూసోలేదా?"

"ఒక్కరు గూడ కూసోలే ఉస్తాద్. మస్తు జాగ్రత్తగ పెట్టిన" అన్నాను గర్వంగా.

"మరి నన్నేం చూడుమంటవ్? మేకు కొట్టలే నేను. మనుషుల బరువు పడితెనే జాయింట్లు బిగుస్తయి. తీస్కపో. ఇంకో వానకాలం కూసోని రా."

"మరి బల్ల?"

"ఇయ్య" అని, బాపు వైపు తిరిగి, "రంగు నువ్వేసినవా? చెయ్యి సాఫుంది భాయ్" అన్నాడు. బాపు ఆ మాట ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతాడు. కుర్చీ పాడు చేసినవాడికి మెప్పు, కాపాడినదానికి చీవాట్లు. ఇదెక్కడి న్యాయమని దారిపొడుగునా గొణిగాను.

ఇక పంతం పట్టి కూర్చున్నాను. అన్నం అందులోనే, ఫోను అందులోనే, తల దువ్వుకోవడమూ అందులోనే. నేను ఆఫీసుకు పోయాక పగలంతా అమ్మ కూర్చునేది. మోకాళ్ళు కాస్త నయమంది. సాయంత్రం నేనొచ్చి లెమ్మంటే లేచేది కాదు. "పొద్దంత ఆఫీసుల కూసోనే వస్తివి గద" అనేది. రోజూ ఇదే లొల్లి.

మళ్ళీ దసరా దాటాక ఉస్తాద్ నవారు చూశాడు. గిన్నెలాగా దిగిపోయింది. విప్పి, బిగించి, మొదటిసారి నవ్వాడు. "ఇగ బల్ల తీస్కపో బేటీ" అన్నాడు. ఏడాదిన్నరగా ఆ మాట కోసమే కాచుకున్నాను. బల్ల దుమ్ము కొట్టుకుని అక్కడే ఉంది. దాన్ని చూస్తూనే, "బల్ల వద్దు ఉస్తాద్. అమ్మకు గూడ ఒక కుర్చీ చెయ్యుండ్రి" అన్నాను. మర్నాడు ఆయన ఇంటికొచ్చి, అమ్మ మోకాలి ఎత్తు దారంతో కొలుచుకుని పోయాడు.

నా కలెక్షన్ ఆ రెండు కుర్చీల దగ్గరే ఆగిపోయింది. ఆ బల్ల ఎవరింట్లో ఉందో తెలియదు. నా కుర్చీలో ఎవరైనా కూర్చుంటే మాత్రం నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. అప్పుడు నవారు ఎక్కడ దిగుతుందోనని వచ్చేది. ఇప్పుడు, పొద్దంతా పనిచేసి వచ్చిన నేనెక్కడ కూర్చోవాలని వస్తుంది. ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. నవ్వుకుంటూనే, కూర్చున్నవాళ్ళను లేపేస్తాను.